పడవకు రెండో పూత

ఆ సంవత్సరం వానలు వెనకబడ్డాయి గాని ఉత్తర్వులు మాత్రం సకాలంలోనే వచ్చాయి. శ్రావణమాసం మొదటి వారంలో చినరేవుపాలెం హైస్కూలుకు పద్దెనిమిది పేజీల సర్క్యులరు ఒకటి చేరింది. మెరిసే వస్తువుల మధ్య మెలిగే పౌరుడు తానూ మెరుస్తాడని పైన ఎవరో కనిపెట్టారట. అందుకని ఆ నెలకు 'మెరుపు మాసం' అని పేరు పెట్టి, ప్రభుత్వ సంస్థల్లో ఉన్న ప్రతి వస్తువుకూ రంగులేని వార్నీషు పూత వేయాలని నిర్ణయించారు. ఒక వస్తువు మెరుస్తున్నదీ లేనిదీ తేల్చే పరీక్ష కూడా అందులోనే ఉంది. తనిఖీకి వచ్చిన అధికారి ముఖం ఆ వస్తువులో కనిపించాలి. కనిపిస్తే మెరిసినట్టు.

సర్క్యులరు వెనకాలే ఏడు వార్నీషు డబ్బాలు కూడా దిగాయి.

హెడ్మాస్టరు జగ్గప్పారావు గారు మొదటి పేజీ చదివి, కళ్ళజోడు తీసి, తొమ్మిదో తరగతి నూకరత్నానికి కబురు పెట్టారు. పైనుంచి వచ్చిన ప్రతి కాగితానికీ మూడు నకళ్ళు రాసేది ఆ పిల్లే. కుదురైన దస్తూరి. రాసేటప్పుడు పక్కన పిడుగు పడ్డా అక్షరం వంకర పోదు. మాట్లాడమంటే మాత్రం గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు నిలబడిపోతుంది. హాజరు పిలిచినప్పుడు కూడా పలికేది కాదు, చెయ్యెత్తేది. పద్దెనిమిది పేజీలను మూడు మార్లు రాసింది కనక, ఆ సర్క్యులరును ఆసాంతం చదివిన మనిషి జిల్లా మొత్తం మీద ఆమె ఒక్కతే అనుకోవచ్చు.

పూత వేసే పని అటెండరు సూరిబాబుకు అప్పజెప్పారు. సూరిబాబు మనసు పెట్టి పనిచేసే మనిషి. మొదటి రోజు కుర్చీలూ బల్లలూ అయ్యాయి. రెండో రోజు గ్లోబు, బీరువాలు, బడి గంట అయ్యాయి. మూడో రోజు నల్లబల్ల వంతు వచ్చింది. పూత ఆరాక లెక్కల మేష్టారు సుద్దముక్క పెడితే అది గీత గియ్యకుండా జారి కిందపడింది.

"ఇదేంటండీ, రాత పడటం లేదు," అన్నారాయన.

హెడ్మాస్టరు గారు బల్ల ముందు నిలబడి మీసం సవరించుకున్నారు. "ముఖం కనిపిస్తోందిగా. ముందు అది చూడండి. రాత సంగతి వచ్చే నెల చూద్దాం."

నాలుగో రోజు సూరిబాబు చీపురుకు కూడా పూత వేశాడు. అది గట్టిపడి, ఊడవడానికి పనికిరాక, మూలన శూలంలా నిలబడింది. ప్రతి వస్తువూ అని సర్క్యులర్లో ఉన్నప్పుడు చీపురును వదిలేస్తే రేపు ఎవడు సమాధానం చెప్పుకుంటాడన్నది అతని వాదన. అది నిజమే అన్నారు హెడ్మాస్టరు గారు.

ఐదో రోజు పడవ వంతు వచ్చింది.

ఆ పడవ బడిది కాదు. నూకరత్నం తాత బులివీరయ్య మేస్త్రిది. మూరెడున్నర పొడవు నమూనా పడవ. చినరేవుపాలెం మేస్త్రులు కాగితం మీద బొమ్మ గియ్యరు. వాళ్ళకు నమూనా పడవే పుస్తకం. దాని అడుగు దూలం మీద ఇరవయ్యొక్క సన్న గీట్లు ఉంటాయి. ఒక్కో గీటు దగ్గర ఒక్కో వంపు కర్ర నిలబడుతుంది. గీటు నుంచి గీటుకు, గీటు నుంచి అంచుకు దారం పెట్టి కొలిచి, ఆ దారాన్ని పదహారు మార్లు వేస్తే అసలు పడవ కొలత వస్తుంది. బులివీరయ్య కళ్ళకు పొర కమ్మి ఆరేళ్ళయింది. అయినా బొటనవేలి గోరు ఆ దూలం మీద నడిపిస్తే చాలు, పడవంతా చదివేసేవాడు. నలభై ఏళ్ళుగా ఏటేటా దానికి చేప నూనె రాసి, గుడ్డతో తుడిచి, ఇంటి వాసానికి వేలాడదీసేవాడు.

బడిలో ప్రదర్శనకు ఏదైనా తెమ్మని హెడ్మాస్టరు గారు అడిగినప్పుడు, ఇవ్వనని చెప్పడానికి నూకరత్నానికి నోరు పెగల్లేదు. నాలుగు రోజుల్లో తిరిగిచ్చేస్తారులే అనుకుని తాతనడిగి తెచ్చింది. ఇంట్లో అప్పటికే దుంగలు కోయించి ఆరబెట్టి ఉన్నాయి. కిందటేడు తుఫానులో పడవ పోయిన దగ్గర్నుంచి నాన్నా చిన్నాన్నా పరాయి పడవల మీద వలలు లాగుతున్నారు. దసరాకు కొత్త పడవ అడుగు దూలం వేసి తీరాలని అనుకున్నారు.

సూరిబాబు పూత వేసిన రోజు పొద్దున్నుంచీ ముసురుగా ఉంది. చెక్క నిండా నలభై ఏళ్ళ చేప నూనె. తుడవాలని అతనికి తోచలేదు, తోచినా తుడవమని సర్క్యులర్లో లేదు. దట్టంగా వేసేశాడు. వేసిన అరగంట వరకూ ఆ పడవ అద్దంలా వెలిగింది. హెడ్మాస్టరు గారు మురిసిపోయి ఫోటో తీసి పై ఆఫీసుకు పంపారు. సాయంత్రానికి పడవ పాలిపోయింది. మర్నాటికి గంజి ఆరబోసినట్టు తెల్లగా, ముడతలు ముడతలుగా, ముట్టుకుంటే వేలికి అంటుకుంటూ తయారయింది. ఊరి పిల్లులు రెండు ఎదురుగా కూర్చుని దాన్నే చూడటం మొదలుపెట్టాయి.

ఈలోగా పై ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ఫోటో చూసి వాళ్ళు ఆ పడవను 'ఆదర్శ మెరుపు వస్తువు'గా ప్రకటించారు. గాజు బీరువాలో పెట్టి సీలు వేయాలని, దాని మెరుపుకు భంగం కలిగించినవారు బాధ్యులు కాగలరని ఉత్తర్వు.

బులివీరయ్య మనవరాలి భుజం పట్టుకుని బడికొచ్చాడు. సీలు వేయకముందు ఒక్కసారి ముట్టుకోనిచ్చారు. గోరు దూలం మీద పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు నడిపాడు. మళ్ళీ నడిపాడు.

"ఏమే బుల్లీ, గోరు జారిపోతందే," అన్నాడు. "గీట్లేయి?"

నూకరత్నం తల వంచుకుంది.

"మేస్టారూ, నా పడవ నాకిచ్చెయ్యండి. ఈ జిగురు నేనే తీసేసుకుంటాను. స్పిరిట్టు గుడ్డ పెట్టి నానబెడితే వదిలేత్తాది."

"అయ్యో, ఇప్పుడు అది నీ పడవ ఎలా అవుతుందయ్యా?" అన్నారు జగ్గప్పారావు గారు నిజంగానే నొచ్చుకుంటూ. "లోపల చెక్క నీదే, కాదన్లేదు. పైన పూత ప్రభుత్వానిది. పూత వదిలేసి చెక్క పట్టుకెళ్ళగలవా?"

"అదేగదండీ నేనంటంది! పూత వదిలేత్తాననే గదా!"

హెడ్మాస్టరు గారు కాసేపు ఆలోచించి, ఇందులో ఏదో చిక్కుందని గ్రహించి, విషయం పైకి రాస్తానన్నారు. ఇంటికెళ్తూ తాత మళ్ళీ మనవరాలి భుజమే పట్టుకుని నడిచాడు. ఆ పిల్లను ఒక్క మాట తిట్టినా బాగుండేది.

అర్జీ నూకరత్నమే రాసింది. 'సదరు పడవ మీది పూత చెడినందున తొలగించుటకు అనుమతి ఇప్పించ ప్రార్థన.' పది రోజులైనా జవాబు రాలేదు, జవాబు బదులు అధికారే వచ్చారు. ఆయన పేరు శేషావతారం. మండల మెరుపు పర్యవేక్షణాధికారి. చంకలో ఫైలు, జేబులో దువ్వెన. వస్తువులో ముఖం చూసుకునే ఉద్యోగం కాబట్టి దువ్వెన ప్రభుత్వమే ఇచ్చింది.

శేషావతారం గారు మామూలుగా మాట్లాడటం మానేసి చాలా కాలమయింది. మంచినీళ్ళు కావాలన్నా 'దాహ నివారణార్థము' అనేవారు.

"సదరు అర్జీ పరిశీలించడమైనది," అన్నారు కుర్చీలో కూర్చుంటూ. ముసురుకు కుర్చీ పూత ఇంకా ఆరకపోవడంతో, తర్వాత లేచేటప్పుడు సూరిబాబు సాయం పట్టాల్సి వచ్చింది. "పూత వేయుటకు మాకు అధికారము కలదు. తీయుటకు లేదు. తొలగింపు అను పదము అనుమతుల జాబితాలో లేనే లేదు."

"కానండీ, పూత చెడిపోయింది," అన్నారు హెడ్మాస్టరు గారు మెల్లిగా.

శేషావతారం గారు ఫైలు తెరిచి ఫోటో చూపించారు. "ఇది ఏమి?"

"పడవండి."

"మెరియుచున్నదా?"

"ఇందులో మెరుస్తోందండి."

"ఫైలులో మెరియుచున్న వస్తువు బీరువాలో మెరియకపోవుట ఎట్లు సంభవము? చూపించుడు."

సీలు విప్పారు. ఆయన పడవ మీదికి వంగి, దువ్వెనతో జుట్టు సర్దుకుని, తన ముఖం కోసం వెతికారు. తెల్లటి ముడతల్లో గంజిలో తేలుతున్న వంకాయలాంటిది ఒకటి అస్పష్టంగా కనబడింది. కుడి నుంచి చూశారు, ఎడమ నుంచి చూశారు. మీసం దగ్గర ఒక చీమ అతుక్కుని ఉంది.

"ముఖము కనబడుచున్నది," అన్నారు చివరికి. "కొంచెము మసకగా ఉన్నది. పూత ప్రభుత్వ ప్రమాణముల ప్రకారము సరఫరా అయినది గావున లోపము పూతయందు ఉండజాలదు. మిగిలినది ఒక్కటే. లోపము ముఖమునందు ఉండవలెను."

 శేషావతారం గారు జేబురుమాలుతో ముఖం తుడుచుకుని మళ్ళీ చూశారు. మళ్ళీ వంకాయే. ఆయన నిజాయితీపరుడు. లోపం తన దగ్గరున్నా రాయడానికి వెనకాడలేదు. వారం తిరక్కుండా సర్క్యులరుకు అనుబంధం వచ్చింది. మెరుపు వస్తువుల ముందుకు వచ్చే సిబ్బంది, విద్యార్థులు ముఖాన కొబ్బరినూనె రాసుకుని రావాలి. ముఖం మెరిస్తే ప్రతిబింబం తప్పక మెరుస్తుంది.

దాంతో చినరేవుపాలెం బడి పిల్లలు మూడు వందల మంది నూనె ముఖాలతో ప్రార్థనకు నిలబడ్డారు. ఎండ ఎక్కేసరికి ఒకరి వంక ఒకరు చూసుకోలేక కళ్ళు చిట్లించుకున్నారు. లెక్కల మేష్టారు నల్లబల్ల మీద రాయలేక, నోటితోనే లెక్కలు చెప్పి, బల్లలో మెరుస్తున్న ముఖాల్ని చూసి వెనక్కి తిరక్కుండానే అల్లరి చేసేవాళ్ళను పట్టుకోవడం నేర్చుకున్నారు. మెరుపు మాసం వల్ల ఒనగూరిన ప్రయోజనాల్లో ఇది మొదటిదని హెడ్మాస్టరు గారు నివేదికలో రాయించారు.

అనుబంధం నకళ్ళు రాయడానికి నూకరత్నం స్టాఫు రూములో కూర్చుంది. దసరా ఇరవై రోజుల్లో ఉంది. పొద్దున ఇంట్లో చిన్నాన్న తాతతో, "పోనీ అందాజుగా ఏసేద్దాం నాన్నా," అన్నాడు. తాత, "అందాజు పడవలో నా కొడుకుల్ని సముద్రంలోకి పంపమంటావా?" అని చెట్టు దగ్గర ఆరుతున్న దుంగల వైపు ముఖం తిప్పుకున్నాడు. ఆ మాటే చెవిలో మోగుతుండగా, అనుబంధాన్ని పాత సర్క్యులరుకు జత చేద్దామని పేజీలు తిప్పింది. పధ్నాలుగో పేజీ దగ్గర చెయ్యి ఆగింది. తను మూడుసార్లు రాసిన వాక్యమే. ఎక్కడా వంకర పోకుండా రాసింది గాని, అప్పుడు దాని మీద మనసు పెట్టలేదు.

'రెండవ పూత వేయదలచినచో మొదటి పూతను పూర్తిగా తొలగించి, చెక్క కనబడిన పిమ్మటనే వేయవలెను.'

నూకరత్నం అటూ ఇటూ చూసి కొత్త కాగితం తీసుకుంది.

'అయ్యా, ఆదర్శ మెరుపు వస్తువైన పడవకు ఒక్క పూత మాత్రమే ఉండుట మా గ్రామ ప్రజలకు వెలితిగా ఉన్నది. మెరుపును రెట్టింపు చేయు సదుద్దేశముతో రెండవ పూత మంజూరు చేయ ప్రార్థన.'

హెడ్మాస్టరు గారు అర్జీ చదివి ఆశ్చర్యపోయారు. "అమ్మాయ్, మీ తాత ఉన్న పూతే తీసెయ్యమంటుంటే నువ్వు ఇంకో పూత అడుగుతున్నావేంటి?"

నూకరత్నం సర్క్యులరు పధ్నాలుగో పేజీ తెరిచి, వాక్యం కింద వేలు పెట్టి చూపించింది. జగ్గప్పారావు గారు చదివారు. ఆ పిల్ల ముఖంలోకి చూశారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన చాలా కాగితాల మీద సంతకం పెట్టారు గాని, నవ్వుతూ పెట్టింది ఆ ఒక్కటే.

తొలగించమన్న అర్జీకి జవాబు ఇవ్వని ఆఫీసు రెండో పూత అర్జీకి మూడో రోజునే కదిలింది. రెండో పూత అడిగిన గ్రామం రాష్ట్రంలో ఇదే మొదటిదట. శేషావతారం గారు స్వయంగా ఉత్తర్వు పట్టుకొచ్చి మెట్ల మీద నిలబడి చదివారు.

"ప్రథమ పూత నిర్మూలన కార్యక్రమము అనుభవజ్ఞుడైన వృత్తి నిపుణునిచే జరుపబడవలెను. నిర్మూలించబడిన పూతను పోగొట్టక సేకరించి కార్యాలయమునకు స్వాధీనపరచవలెను. ఈ గ్రామమునందు వృత్తి నిపుణుడెవ్వరు?"

"పడవ పని తెలిసింది బులివీరయ్య మేస్త్రి ఒక్కడేనండి," అన్నాడు సూరిబాబు.

"అతనికి తెలియజేయుడు. ఇది ప్రభుత్వ కార్యము. నిరాకరించుటకు వీలులేదు."

"నిరాకరించను బాబూ," అన్నాడు బులివీరయ్య వెనకనుంచి. అప్పటికే ఆయన గుడ్డలు, స్పిరిట్టు సీసా, అరిటాకులు తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు.

ఆయన గుడ్డను స్పిరిట్టులో తడిపి పడవకు చుట్టి, ఆవిరి పోకుండా మీద అరిటాకు కప్పాడు. సూరిబాబు గరుకు ఉప్పు కాగితం తెచ్చి, "రుద్దనా మేస్త్రీ?" అనగానే, ఉలిక్కిపడి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"ఒరే సూరీ, నీకు దండం పెడతాను, దాని దగ్గరికి రాకు. రుద్దితే జిగురుతో పాటు గీట్లు కూడా పోతాయిరా. దీన్ని బుజ్జగించి ఒప్పించాలిగాని బెదరగొట్టకూడదు."

అరగంటకు ఆకు విప్పితే పూత పాల మీది మీగడలా లేచింది. వెదురు పేడుతో నెమ్మదిగా తోశాడు. పొరలు పొరలుగా ఊడింది. శేషావతారం గారు ఒక్కో పొరనూ ఊరగాయ జాడీలో వేయించి మూతకు సీలు కొట్టారు. తర్వాత మరోసారి గుడ్డ, మరోసారి ఆకు. మధ్యాహ్నానికి తేనెరంగు చెక్క బయటపడింది. చేప నూనె వాసన తగిలి పిల్లులు రెండూ అరుగెక్కాయి.

గీట్లలో మాత్రం పూత ఇరుక్కుని గట్టిపడి ఉండిపోయింది. వెదురు పేడు మందం, లోపలికి దిగటం లేదు. ఇనుము వాడితే గీటు వెడల్పైపోతుంది. బులివీరయ్య చేతులు ఆగిపోయాయి. నూకరత్నం లేచి తరగతి గదిలోకి వెళ్ళి, మూలన శూలంలా నిలబడ్డ చీపురు నుంచి ఒక పుల్ల విరుచుకొచ్చింది. పూత పట్టిన పుల్ల సూదిలా గట్టిగా ఉంది, చెక్కను కోసేంత గట్టిగా మాత్రం లేదు. తాత పక్కన కూర్చుని ఒక్కో గీటులోంచీ తవ్వి ఊదింది.

"పద్దెనిమిది," అన్నాడు తాత గోరుతో తడుముతూ. "పంతొమ్మిది. ఇరవై. ఇంకోటుండాలే."

ఇరవయ్యొకటోది మొన చివర ఉంది. ఊదింది. తాత గోరు అక్కడికి వెళ్ళి టక్కున ఆగింది. ఆ ముసలి ముఖం విప్పారడం చూసి, కొబ్బరినూనె లేకుండానే మెరుస్తోందని నివేదికలో రాసుకోవచ్చునా అని శేషావతారం గారు ఒక క్షణం తటపటాయించారు.

రెండో పూత వేయాలంటే చెక్క మూడు రోజులు ఆరాలని పదిహేనో పేజీలో ఉంది. ఆ మూడు రోజులూ తాత దారాలు పెడితే నూకరత్నం ముళ్ళు వేసి, ఒక్కో దారానికీ చీటీ కట్టి, తన నోటుబుక్కులో పడవంతా రాసుకుంది. చినరేవుపాలెంలో కాగితం మీదికెక్కిన మొదటి పడవ అదే. నాలుగో రోజున సూరిబాబు వచ్చి రెండో పూత వేశాడు. ముసురు పట్టింది. చెక్క నిండా ఇంకా చేప నూనే. ఫోటో తీసే వరకూ పడవ బ్రహ్మాండంగా మెరిసింది. ఆ సాయంత్రమే తెల్లబడింది. ఈసారి బులివీరయ్య బీరువా వైపు తిరిగి ఒక దండం పెట్టి ఇంటికెళ్ళాడు.

దసరాకు అడుగు దూలం వేశారు. మాఘమాసంలో పడవ పూర్తయింది. ఒళ్ళంతా చేప నూనె పట్టించి రేవులోకి దింపి, పసుపు రాసి కొబ్బరికాయ కొడుతున్న సమయానికి శేషావతారం గారు దిగారు. వెంట సూరిబాబు, సూరిబాబు చేతిలో డబ్బాలు.

"సదరు పడవ, ఆదర్శ మెరుపు వస్తువు యొక్క పదహారింతల నకలు అని తెలియవచ్చినది," అన్నారు ఆయన. "అసలునకు పూత ఉండగా నకలునకు లేకుండుట క్రమవిరుద్ధము. ముందుగా ముఖ పరీక్ష జరుపవలెను. ముఖము కనబడనిచో పూత తప్పదు."

నాన్నా చిన్నాన్నా ముఖాలు చూసుకున్నారు. తాత చేతిలోని కొబ్బరి చిప్ప అలాగే ఉండిపోయింది. శేషావతారం గారు పడవెక్కి, దువ్వెన తీసి, చెక్క మీదికి వంగారు. నూనె ఇంకిన చెక్క గోధుమరంగులో మౌనంగా ఉంది. ముఖం కాదు గదా, దువ్వెన కూడా కనబడలేదు. ఆయన ఫైలు తెరిచి కలం తీశారు.

"అక్కడ కాదండి."

ఎవరా అని అందరూ చూశారు. రేవులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నూకరత్నం అంది. చెవులు ఎర్రబడ్డాయి గాని మాట ఆగలేదు.

"అంచు మీంచి ఇటు వంగి చూడండి. కిందికి."

శేషావతారం గారు అంచు పట్టుకుని వంగారు. పడవ నీడ పడ్డచోట నీళ్ళు నిలకడగా ఉన్నాయి. అందులో దువ్విన జుట్టుతో, మీసంతో, చంకలో ఫైలుతో ఆయన ముఖం స్పష్టంగా కనిపించింది. ఏడు నెలలుగా బల్లల్లో, గంటల్లో, నల్లబల్లల్లో వెతుక్కున్న ముఖం ఇంత బాగా ఎక్కడా కనబడలేదు. ఇంతలో ఒక చేప ఎగిరిపడి ముఖం ముక్కలైంది. ఆయన కంగారు పడలేదు. ముక్కలన్నీ మళ్ళీ ఒకచోటికి చేరే దాకా ఓపిగ్గా వంగి నిలబడ్డారు. చేరాక, జుట్టు ఇంకోసారి దువ్వుకుని, ఫైల్లో రాశారు.

'పడవ ఎక్కి చూడగా ముఖము కనబడినది. పూత అవసరము లేదు.'